పరధ్యానము - బడి భాష

పాఠము జరుగుచుండగా పిల్లవాడు కిటికీవైపు చూస్తూ ఉండిపోతే దానిని పరధ్యానమంటారు. ఈ మాటలో ఒక విశేషమున్నది. ధ్యానము లేకపోవటం కాదు. అది మరొకచోట ఉన్నదని అర్థం. అయినా బడిలో దానికి చిరకాలం జరిగిన చికిత్స బెత్తమే.

పరధ్యానానికి పిల్లవాడే కారణమా, పాఠమా? ఈ ప్రశ్నకు తెలంగాణపు చరిత్రలో పెద్ద ఉదాహరణ కలదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి 2016లో జిల్లా కేంద్రాలైనవి. నిజాం కాలంలో జనగామ నల్లగొండ జిల్లాలోనిది. జనం మానుకోట అని పిలిచే మహబూబాబాదు వరంగల్లు జిల్లా తాలూకా. ఊళ్ళలో తెలుగు, తండాలలో లంబాడీ, అడవి పల్లెలలో కోయ మాట్లాడేవారు. ప్రభుత్వ భాష మాత్రం ఉర్దూ. 1880 తరువాతి సంవత్సరాలలో పారసీ స్థానాన్ని ఆక్రమించిన ఆ భాషే పైతరగతుల బోధనభాష కూడ అయినది. ప్రాథమిక తరగతులలో మాతృభాషకు కొంత చోటున్నా, ఆపైన లెక్కలు, భూగోళము అన్నీ ఉర్దూలోనే. త్రిభుజమంటే ఏమిటో తెలియకముందే తెలుగు పిల్లవాడు ‘ముసల్లస్’ అనే మాటను వల్లించవలసి వచ్చేది.

ఇందులో ఒక వింత ఉన్నది. పరభాషలో చదువు విద్యార్థి మేధకు భారమని వాదించినవారిలో ముఖ్యుడు నిజాం ప్రభుత్వోద్యోగి అక్బర్ హైదరీయే. ఆయన 1917లో సమర్పించిన వినతిపత్రం ఫలితంగా 1918లో ఉర్దూ బోధనభాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపితమైనది. ఇంగ్లీషును గూర్చి ఆయన వాదన సరియైనదే. కాని సంస్థాన ప్రజలలో దాదాపు సగంమంది తెలుగువారు. ఆ వాదన వారికీ వర్తించునని ఏలినవారికి తోచలేదు! 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన సమావేశమైన ఆంధ్రమహాసభ మాతృభాషలో విద్యకోసం పోరాడినది. 1943లో ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో మానవశాస్త్రజ్ఞుడు హైమండార్ఫు గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించి, గోండీలో వాచకాలు తయారు చేయించాడు. 1948లో సంస్థానం భారతదేశంలో చేరిన తరువాత బడులలోకి తెలుగు వచ్చినది.

ఆ ఉర్దూ తరగతులలో పిల్లల మనస్సు ఎంతసేపు ఎక్కడ తిరిగినదో కొలిచే సాధనం అప్పుడు లేదు. అయితే అమెరికా శాస్త్రజ్ఞుడు విలియం జేమ్సు 1899లోనే ఉపాధ్యాయులకొక మాట చెప్పి ఉన్నాడు: బలవంతాన నిలిపిన అవధానం కొద్ది క్షణాలకంటె నిలువదు, కొత్త విషయాన్ని తెలిసినదానితో ముడివేస్తేనే అది నిలుస్తుంది.

ఇప్పుడు కొలత సాధ్యమైనది. పని మధ్యలో ఆపి, “ఈ క్షణాన నీవు దేనిని గూర్చి ఆలోచిస్తున్నావు?” అని అడుగుతారు. 2010లో ప్రకటించిన పరిశోధనలో 2,250 మంది పెద్దలను ఇట్లా అడుగగా, దాదాపు నూటికి 47 సార్లు వారి మనస్సు చేసే పనిమీద లేదు. పెద్దల సంగతే ఇది! మెదడు శరీరపు బరువులో 2 శాతమే అయినా శక్తిలో 20 శాతం వాడుకుంటుంది. ఏ పనీ లేనప్పుడు కూడ ఆ వాడకం పెద్దగా తగ్గదు. అప్పుడు చురుకుగా ఉండే భాగాలను 2001లో రైకిల్ బృందం గుర్తించినది. జ్ఞాపకాలు, రేపటి ఊహలు వాటి వ్యాపారమే. కనుక మనస్సు సంచరించటం రోగం కాదు.

అయితే అది చదువుకు ఎప్పుడు నష్టం చేస్తుంది? 2013లో ఫెంగ్, డిమెల్లో, గ్రేసర్ సులభమైనవీ కఠినమైనవీ రెండు విధాల పాఠ్యాలను చదివించి చూశారు. కఠినమైనవాటిలో మనస్సు ఎక్కువగా తప్పిపోయినది. అర్థగ్రహణానికి నష్టమూ అక్కడే ఎక్కువ. చదువుతున్నకొద్దీ మనస్సులో ఒక చిత్రం ఏర్పడాలి. మాటలు తెలియనప్పుడు ఆ చిత్రం ఏర్పడదు. అవధానానికి పట్టు దొరకదు. అప్పుడు మనస్సు తనకు తెలిసిన చోటికి, అంటే చెరువుగట్టుకో మేకల మందకో, పోతుంది. ఒక వాక్యం తప్పితే తరువాతిది మరింత కఠినమవుతుంది.

2022-23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు బోధన విస్తరించినది. పాఠ్యపుస్తకంలో ఒక పుట ఇంగ్లీషులో, ఎదుటి పుట తెలుగులో అచ్చవుతున్నది. జనగామ పిల్లవాడు ఇంగ్లీషు పుటలో తప్పిపోతే తెలుగు పుటను పట్టుకొనగలడు. మానుకోట తండానుండి బడికి మొదటిసారి వచ్చిన లంబాడీ పిల్లకు, భూపాలపల్లి అడవి పల్లెలోని కోయ పిల్లకు ఆ రెండు పుటలలో ఏదీ ఇంటి మాట కాదు.