మెసాంజియల్ కణాలలో మాత్రిక విచ్ఛేదక ఎంజైముల నియంత్రణ

మెసాంజియల్ కణాలు మూత్రపిండంలోని రక్తకేశనాళికా గుచ్ఛం మధ్యలో ఉండి, కేశనాళికలకు ఆధారాన్ని ఇచ్చే కణాలు. ఇవి తమ చుట్టూ ఉన్న కణబాహ్య మాత్రికను తామే నిర్మిస్తూ, తామే విచ్ఛిన్నం చేస్తూ ఉంటాయి. ఈ రెండు పనుల మధ్య సమతుల్యతను సైటోకైన్లు, హార్మోన్లు, నైట్రిక్ ఆక్సైడ్ వంటి సంకేత అణువులు నియంత్రిస్తాయి. ఈ సమతుల్యత తప్పి మాత్రిక పేరుకుపోయినపుడు గుచ్ఛం గట్టిపడి, వడపోత శక్తిని క్రమంగా కోల్పోతుంది. మధుమేహం వలన కలిగే మూత్రపిండ వ్యాధిలో కనిపించే ముఖ్యమైన మార్పులలో ఇది ఒకటి.

నిర్మాణం

మానవుని ఒక్కొక్క మూత్రపిండంలో సుమారు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదటి భాగంలో సన్నని కేశనాళికలు చుట్టుకొని ఒక గుచ్ఛంగా ఏర్పడతాయి. రక్తం వడపోత ఇక్కడే జరుగుతుంది. నాళికల మధ్యనున్న మాత్రికలో నాలుగవ, ఐదవ రకపు కొల్లాజెన్లు, ఫైబ్రోనెక్టిన్, లామినిన్, ప్రోటియోగ్లైకాన్లు ఉంటాయి. ఆరోగ్యవంతులలో పాత మాత్రిక తొలగింపు, కొత్త మాత్రిక తయారీ దాదాపు సమానంగా సాగుతాయి.

విచ్ఛేదక ఎంజైములు

మాత్రికను విచ్ఛిన్నం చేసే ఎంజైములలో మాత్రిక మెటల్లోప్రోటీనేజులు (ఎంఎంపీలు) ముఖ్యమైనవి. వీటి పనికి జింకు అయాను అవసరం. ఈ కుటుంబానికి చెందిన మొదటి ఎంజైమును 1962లో జెరోమ్ గ్రాస్, చార్లెస్ లాపియేర్ కప్ప తోకపిల్లల కణజాలంలో కనుగొన్నారు. తోక కరిగిపోవడానికి కారణమేమిటన్న ప్రశ్న వారిని ఈ పరిశోధనకు పురికొల్పింది.

మెసాంజియల్ కణాలలో ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 ప్రధానమైనవి. ఈ రెండూ నాలుగవ రకపు కొల్లాజెన్‌ను ఛేదించగలవు. ఎంఎంపీ-2 సాధారణ స్థితిలోనూ తయారవుతూ ఉంటుంది. ఎంఎంపీ-9 మాత్రం తగిన ప్రేరణ అందినపుడే ఎక్కువగా తయారవుతుంది. వీటితో పాటు ప్లాస్మిన్ అనే ఎంజైము కూడా మాత్రికను ఛేదిస్తుంది. కొన్ని ఎంఎంపీలను చైతన్యవంతం చేస్తుంది.

నియంత్రణ దశలు

ఈ ఎంజైముల నియంత్రణ మూడు దశలలో జరుగుతుంది.

1. జన్యువు నుండి తయారీ: ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, టీఎన్‌ఎఫ్-ఆల్ఫా అనే సైటోకైన్లు ఎన్‌ఎఫ్-కప్పా బీ, ఏపీ-1 అనే కారకాల ద్వారా ఎంఎంపీ-9 జన్యువును ప్రేరేపిస్తాయి. నైట్రిక్ ఆక్సైడ్ దీనికి విరుద్ధంగా పనిచేస్తుంది. ఎలుకల మెసాంజియల్ కణాలలో ఇది హెచ్‌యూఆర్ అనే ప్రోటీన్‌ను తగ్గించడం వలన ఎంఎంపీ-9 వార్తాహర ఆర్‌ఎన్‌ఏ త్వరగా నశిస్తుంది.

2. చైతన్యీకరణ: ఎంఎంపీలు మొదట నిష్క్రియ రూపంలో తయారవుతాయి. అణువులోని ఒక సిస్టీన్ భాగం జింకుతో బంధం ఏర్పరచుకొని, ఎంజైమును తాళం వేసినట్లు ఆపి ఉంచుతుంది. ఈ బంధం తెగినపుడే ఎంజైము పనిచేస్తుంది.

3. నిరోధం: టింప్ అనే నాలుగు రకాల ప్రోటీన్లు ఎంఎంపీలను అడ్డుకుంటాయి. అయితే టింప్-2 తక్కువ మోతాదులో ఉన్నపుడు, కణత్వచంపై ఉండే ఎంఎంపీ-14తో కలిసి ఎంఎంపీ-2 చైతన్యీకరణకు తోడ్పడుతుంది.

టీజీఎఫ్-బీటా పాత్ర

మాత్రిక పేరుకుపోవడానికి కారణమయ్యే సంకేతాలలో టీజీఎఫ్-బీటా ప్రధానమైనది. ఇది స్మాడ్ ప్రోటీన్ల ద్వారా కొల్లాజెన్, ఫైబ్రోనెక్టిన్ల ఉత్పత్తిని పెంచుతుంది. అదే సమయంలో టింప్-1ను, ప్లాస్మిన్ తయారీని అడ్డుకునే పాయ్-1ను కూడా పెంచుతుంది. అంటే నిర్మాణం పెరుగుతుంది, విచ్ఛేదనం తగ్గుతుంది. అధిక గ్లూకోజ్, యాంజియోటెన్సిన్-2 హార్మోను రెండూ మెసాంజియల్ కణాలలో టీజీఎఫ్-బీటాను పెంచుతాయి. మధుమేహం మూత్రపిండాన్ని దెబ్బతీసే మార్గాలలో ఇది ఒకటి.

వైద్యంలో ప్రాముఖ్యత

వేన్ బోర్డర్ బృందం 1990లో ఎలుకలలో గుచ్ఛశోథను కలిగించి, టీజీఎఫ్-బీటాను అడ్డుకునే ప్రతిరక్షకాలను ఇచ్చినపుడు మాత్రిక చేరడం తగ్గింది. యాంజియోటెన్సిన్-2 తయారీని తగ్గించే కాప్టోప్రిల్ మందు మొదటి రకం మధుమేహ రోగులలో మూత్రపిండాల క్షీణతను నెమ్మదింపజేస్తుందని 1993లో ప్రచురితమైన పరీక్షలో తేలింది. ఈ తరగతి మందులు నేటికీ వాడుకలో ఉన్నాయి.

కానీ టీజీఎఫ్-బీటా1ను నేరుగా అడ్డుకునే ప్రతిరక్షకాన్ని మధుమేహ మూత్రపిండ వ్యాధిగ్రస్తులకు ఇచ్చి చూసిన పరీక్షలో ప్రయోజనం కనబడలేదు. దాని ఫలితాలు 2017లో వెలువడ్డాయి. టీజీఎఫ్-బీటాకు శోథను అణచే గుణం కూడా ఉంది. మరోవైపు, ఎంఎంపీ-9 అతిగా పనిచేస్తే ఆధార త్వచం దెబ్బతింటుంది. కావున విచ్ఛేదనాన్ని కేవలం పెంచడమో, తగ్గించడమో చికిత్స కాజాలదు. ఏ దశలో, ఏ కణంలో, ఏ ఎంజైము పనిచేస్తున్నదనే విషయం ముఖ్యమవుతుంది.