మదీనాలో సోదరబంధము

క్రీ.శ. 622లో మక్కానుండి యస్రిబ్‌కు, అనగా మదీనాకు, వలసవచ్చిన ముస్లిములకు మొదట కావలసినవి కూడును నీడయును. నాటి అరేబియాలో మనుష్యునకు తెగయే రక్షణ. ఆపదలో ఆదుకొనునది తెగ. హత్య జరిగినచో బదులు కోరునదియు తెగయే. ముహాజిరులనబడిన ఈ వలసవారు ఆ రక్షణను విడిచి వచ్చిరి. ఆశ్రయమిచ్చిన అన్సారులును ఒక్కమాటపై నున్నవారు కారు. ఔస్, ఖజ్రజ్ అను వారి తెగలు రెండును కొలది యేండ్లకు పూర్వమే బుఆస్ యుద్ధమున పరస్పరము నెత్తురు చిందించినవి.

ఈ స్థితిలో ముహమ్మదు ప్రవక్త ఒక్కొక్క ముహాజిరును ఒక్కొక్క అన్సారుతో జతపరచి, అన్నదమ్ములుగా నుండుడని చెప్పెను. దీనినే ‘మువాఖాత్’ అందురు. జతలు 45 అనియు, 50 అనియు రెండు లెక్కలు గలవు. మొదట ఈ సోదరులకు ఒకరి ఆస్తిలో నొకరికి వారసత్వము కూడ నుండెను.

అన్సారులు తమ ఖర్జూరపు తోటలను పంచియిత్తుమనిరి. ప్రవక్త సమ్మతింపలేదు. ముహాజిరులు తోటపని చేయుటకును, ఫలసాయమును ఉభయులు పంచుకొనుటకును ఒడంబడిక కుదిరెను. సఅద్ ఇబ్న్ రబీ తన సంపదలో సగమిచ్చెదనని అబ్దుర్రహ్మాన్ ఇబ్న్ ఔఫ్‌తో ననగా, ఆతడు దీవించి, అంగడికి దారి యెటని మాత్రమే అడిగెను. ఖైనుకా అంగడిలో నెయ్యి, ఎండబెట్టిన పెరుగుగడ్డలు బేరమాడి, కొలదికాలములోనే తన కాళ్లపై నిలిచెను. ఇచ్చువాని ఔదార్యమెంతటిదో, పుచ్చుకొనువాని అభిమానమును అంతటిదని మనము గ్రహింపవలెను.

624లో బద్రు యుద్ధము జరిగిన పిమ్మట వారసత్వము తిరిగి రక్తబంధువులకే చెందినది. 628లో ఖైబరు విజయానంతరము ముహాజిరులు తాము అనుభవించుచున్న చెట్లను అన్సారులకు మరల నప్పగించిరి. అవసరము తీరగనే అప్పు తీరినది.

అయినను బంధము తీరలేదు. అబిసీనియా జాతివాడు, ఒకప్పటి బానిస యగు బిలాలునకు అబూ రువైహా సోదరుడుగా నేర్పడెనని ఇబ్న్ ఇస్‌హాక్ వ్రాసినాడు. ప్రవక్త 632లో గతించెను. తరువాత ఖలీఫా ఉమరు కాలమున సిరియాలో సైనికుల పట్టికలు వ్రాయించుచు, నీ పేరు ఎవరితో చేర్చవలెనని బిలాలు నడిగిరట. అబూ రువైహాతోనే యని ఆతడు చెప్పెనట.

తెగలు పూర్తిగ నశించినవని మన మనజాలము. ఆ పట్టికలును తెగలవారీగనే వ్రాయబడినవి. కాని తెగలేనివాడు సైతము తనవాడని ఒకని పేరు చెప్పుకొనగలిగెను. తొలి ముస్లిము సమాజమునకు మువాఖాత్ చేసిన మేలు ఇదియే యని మనకు తోచుచున్నది.