తెల్లబోయిన ఆకాశం

19వ శతాబ్దం నాటి కొండల ఫోటోలు, సముద్రపు ఫోటోలు ముందేసుకుని చూస్తే, చాలావాటిలో ఆకాశం ఖాళీగా కనిపిస్తుంది. మబ్బు లేదు, ఛాయ లేదు, సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. అది తీసినవాళ్ల తప్పు కాదు. ఫోటో పడే ఆనాటి గాజు ప్లేటుకు నీలం వెలుగు ఇట్టే అంటేది. ఆకుపచ్చ అంతంతమాత్రం, ఎరుపు అసలు ఆనేది కాదు. చెట్టు ఆకులకు చాలినంత వెలుగు పట్టేలోగా ఆకాశానికి వెలుగు ఎక్కువై ప్రింటులో తెల్లగా మిగిలేది. ఆ తెల్లదనంతో తంటాలు పడ్డవాళ్ల దగ్గర నేటికీ నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే అనే ఫోటోగ్రాఫర్ 1856-57 ప్రాంతంలో దీనికో ఉపాయం పట్టాడు. నీటికో నెగెటివ్, ఆకాశానికో నెగెటివ్ తీసి, రెండూ దిగంతరేఖ దగ్గర కలిసేలా ఒకే కాగితం మీద ప్రింటు వేశాడు. సేత్ తీరంలో తీసిన పెద్ద అల ఫోటో అలాంటిదే. అతుకు తెలియకూడదంటే ఆ గీత తిన్నగా ఉండాలి, వెలుగు వచ్చే దిక్కు రెండింటికీ కుదరాలి. ఒకే మబ్బుల్ని వేరువేరు సముద్రాల మీద కూడా వాడాడు. దీన్ని మోసమనలేం, కన్ను చూడగలిగి ప్లేటు చూడలేనిదాన్ని తిరిగి తెచ్చాడు. ఇప్పుడు మన సెల్‌ఫోను వెలుగుకోటి, నీడకోటి తీసి కలిపేది ఇదే పద్ధతిలో.

శామ్యూల్ బోర్న్ అనే మరో ఫోటోగ్రాఫర్ దారి వేరు. 1863-66 మధ్య మూడుసార్లు హిమాలయాలకు వెళ్లాడు. 18,600 అడుగుల మనిరంగ్ కనుమ దాకా గాజుపలకలు, మందుసీసాలు, చీకటి గుడారం కూలీల వీపుల మీద ఎక్కాయి. గాజుకు కొలోడియన్ అనే జిగురు ద్రవం పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి, వెంటనే కడగాలి. అంత శ్రమపడేవాడు తోచినచోటల్లా ట్రైపాడ్ దించడు. 1864లో శ్రీనగర్‌లో తీసిన పాప్లర్ చెట్ల బాట చూడండి: రెండు వరుసలూ చూపును దూరానికి లాక్కెళ్తాయి, ఆకాశానికి మిగిలింది కాస్తే.

చివరికి ప్లేటే మారింది. 1873లో బెర్లిన్‌లో హెర్మన్ ఫోగెల్ అనే రసాయన శాస్త్రవేత్త ప్లేటు మందులో రంగులు కలిపితే ఆకుపచ్చ కూడా పడుతుందని కనిపెట్టాడు. తరువాత ఎరుపును చూసే ప్లేట్లూ వచ్చాయి.

1927 ఏప్రిల్ 10న అమెరికాలోని యోసెమిటీలో ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ హాఫ్ డోమ్ అనే రాతికొండ ఎదుట నిలబడేసరికి తెచ్చిన ఆ రకం ప్లేట్లలో రెండే మిగిలాయి. రాతిముఖం ఇంకా నీడలో ఉంది. ఎండ దాని మీదికి తిరిగేదాకా ఆగాడు. పసుపు ఫిల్టరుతో ఒకటి తీశాక, ఆకాశం తన మనసులో ఉన్నంత చిక్కగా రాదని తోచింది. చివరి ప్లేటుకు ముదురు ఎర్ర ఫిల్టరు తొడిగాడు. అది నీలాన్ని ఆపేసింది. ఎక్స్‌పోజర్ అయిదు సెకన్లు. ప్లేటు కడిగాక ప్రింటులో ఆకాశం దాదాపు నల్లగా దిగింది, దాని ముందు ఎండ ఒరుసుకుపోతున్న రాయి నిలువునా లేచింది.