కంప్యూటర్ హెచ్చరికలు - వినియోగదారుల ధోరణి

కంప్యూటర్ తెరపై కనిపించే భద్రతా హెచ్చరిక లక్ష్యం ఒక్కటే: ప్రమాదం వైపు అడుగు వేస్తున్న మనిషిని క్షణకాలం ఆపడం. అతడు ఆగడం, ఆగకపోవడం అతని జాగ్రత్తపైనే గాక, హెచ్చరిక రూపొందిన తీరుపైన కూడా ఆధారపడి ఉంటుందని పరిశోధనలు తెలుపుతున్నాయి.

హెచ్చరికలు ప్రధానంగా రెండు విధాలు. ఒక మూల కనిపించి, పనికి అడ్డురాకుండా ఉండేవి మొదటి రకం. పనిని నిలిపివేసి, జవాబు చెబితే గాని ముందుకు పోనివ్వనివి రెండవ రకం. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో ప్రకటించిన అధ్యయనంలో, నకిలీ వెబ్‌సైట్ల విషయమై రెండవ రకాన్ని 79 శాతం మంది పాటించగా, మొదటి రకాన్ని 13 శాతం మందే పాటించారు.

అయితే అడ్డగించే హెచ్చరిక కూడా అతిగా వస్తే ‘నాన్నా, పులి’ కథే అవుతుంది. 2007లో విడుదలైన విండోస్ విస్టా చీటికి మాటికి అనుమతి కోరడంతో విసిగినవారు చదవకుండానే అంగీకరించసాగారు. కొందరు ఆ ఏర్పాటునే తొలగించుకున్నారు. 2009లో వచ్చిన విండోస్ 7లో ఈ ప్రశ్నలను తగ్గించారు. ఒకే హెచ్చరికను రెండవసారి చూసేసరికే మెదడు దానిపై పెట్టే శ్రద్ధ బాగా తగ్గుతుందని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో మెదడు స్కానింగుల ద్వారా చూపారు.

రూపకల్పన ప్రభావానికి మరొక నిదర్శనం బ్రౌజర్లు. రెండున్నర కోట్ల హెచ్చరికలను పరిశీలించిన 2013 నాటి అధ్యయనంలో, వెబ్‌సైటు ధ్రువపత్రం సరిగా లేదన్న హెచ్చరికను క్రోమ్‌లో సుమారు 70 శాతం సందర్భాలలో దాటిపోగా, ఫైర్‌ఫాక్స్‌లో అది మూడవ వంతు మాత్రమే. తరువాత క్రోమ్‌లో సురక్షిత మార్గానికి ప్రస్ఫుటమైన బటన్ అమర్చి, రెండవ మార్గాన్ని మరుగున ఉంచారు. దాంతో వెనుదిరిగేవారు దాదాపు 30 శాతం పెరిగారు. విశేషమేమంటే, హెచ్చరిక అర్థమైనవారి సంఖ్య మాత్రం ఆశించినంతగా పెరగలేదు. అర్థం కాకున్నా, దారి స్పష్టంగా ఉంటే జనం క్షేమమైన దారినే పట్టారన్నమాట.

ఈ అలవాటునే మోసగాళ్లు వాడుకుంటున్నారు. ‘మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోను చేయండి’ అనే ప్రకటన హెచ్చరిక కాదు, వల. బ్రౌజర్ ఇచ్చే అసలు హెచ్చరిక ఫోను చేయమని కోరదు. బ్యాంకు పేజీలో హెచ్చరిక కనిపిస్తే వెనుదిరిగి, చిరునామాను స్వయంగా టైపు చేయడం మేలు. మోసపోయి సొమ్ము పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయక జాతీయ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు తెలపాలి.