తులసీదాస్ బలరాం

తులసీదాస్ బలరాం (1936–2023) సికింద్రాబాద్ శివారులోని అమ్ముగూడలో పుట్టిన ఫుట్‌బాల్ ఆటగాడు. 1950ల చివర్లో, 60ల మొదట్లో భారత జట్టు దాడి ముగ్గురి మీద నడిచింది: చునీ గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం. మొదటి ఇద్దరి గురించి పుస్తకాలకు పుస్తకాలే ఉన్నాయి. మూడో పేరు సొంతగడ్డ మీదే మరుగున పడింది.

తమిళం మాట్లాడే పేద కుటుంబం. బలరాంలోని ఆటను గుర్తించింది హైదరాబాద్ పోలీసు జట్టును, భారత జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం. అమ్ముగూడ నుంచి సాధనకు రావడానికి సైకిలు అద్దె కూడా రహీం సాబే ఇచ్చేవారని బలరాం తర్వాత చెప్పుకున్నారు. హైదరాబాద్ వరుసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు ఆయన జట్టులో ఉన్నారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లి వచ్చారు. అక్కడ భారత్‌ది నాలుగో స్థానం, ఇప్పటికీ దాన్ని దాటలేదు.

1957లో కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ క్లబ్‌కు ఆడసాగారు. ఎడమ అంచున ఆడమన్నా, నట్టనడుమ ఆడమన్నా ఒకేలా ఆడేవారు. బంతిని ఎప్పుడు అట్టిపెట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో తెలిసిన ఆటగాడు. 1961లో కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించారు, ఆ ఏడు లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ ఆయనవే.

అసలైన పరీక్ష 1960 రోమ్ ఒలింపిక్స్. భారత్‌కు పడిన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ ఉన్నాయి. ఆ పోటీల్లో కాంస్యం గెలిచిన హంగరీతో 1–2 తేడాతోనే ఓడాం, ఆ ఒక్క గోల్ బలరాందే. ఫ్రాన్స్‌తో 1–1తో సమంగా ముగిసింది. పెరూ చేతిలో 1–3తో ఓడినప్పుడు కూడా మనవైపు గోల్ కొట్టింది ఆయనే. రెండేళ్లకు జకార్తా ఆసియా క్రీడల ఫైనల్‌లో, తమను గేలి చేస్తున్న జనం మధ్య, దక్షిణ కొరియాను 2–1తో ఓడించిన జట్టులో బలరాం ఉన్నారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు స్వర్ణం దక్కడం అదే చివరిసారి. ఆ ఏడాదే అర్జున అవార్డు వచ్చింది.

తర్వాత బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే జట్టుకు మారారు. ఆట ఆడేవాడికి రైల్వే కొలువంటే ఏమిటో గుంతకల్లు లాంటి జంక్షన్‌లో పెరిగినవారికి వివరించనక్కర్లేదు: జీతం, క్వార్టరు, ఆడుకోవడానికి మైదానం. అయితే బలరాంకు ఆ మైదానం ఎంతోకాలం దక్కలేదు. ఊపిరితిత్తుల జబ్బు వల్ల 1963లోనే, ఇరవై ఏడేళ్ల లోపే, ఆట మానుకోవలసి వచ్చింది. ఆటగాడు పదునెక్కే వయసది. ఆయన ఆటలో సగమే మనం చూశామనడం అతిశయోక్తి కాదు.

చివరి ఏళ్లు హుగ్లీ ఒడ్డున ఉత్తరపారాలో గడిపి, 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో మరణించారు. గోస్వామికి, బెనర్జీకి పద్మశ్రీ వచ్చింది. బలరాంకు రాలేదు.