తీగ నేర్పిన లెక్క

పందిరిపై ప్రాకు తీగకు కన్నులు లేవు. దానికి ఎవరును పటము గీసి యిచ్చినదియు లేదు. అయినను కణుపుకొక ఆకు, ఆకు పంగలో నొక మొగ్గ తప్పక వచ్చుచుండును. ఈ పొందిక ఎక్కడిది? నేడు కంప్యూటరుపై ఆకులను, పూవులను అల్లుచున్న యువ రూపశిల్పులు వాడుకొను విద్యలలో నొకటి ఈ ప్రశ్న నుండియే పుట్టినది. దాని చరిత్రలో మన వాకిటి ముగ్గునకును చోటున్నదని తెలిసినపుడు మాకు ఆశ్చర్యము కలిగినది.

1925లో హంగరీలో జన్మించిన అరిస్టిడ్ లిండెన్‌మాయర్ జీవశాస్త్రజ్ఞుడు. కణముల పెరుగుదలను అక్షరములతో వ్రాయు పద్ధతిని ఆయన 1968లో ప్రకటించెను. పోగువలె పెరుగు నాచును తలచుకొందము. అందు ముదురు కణము ‘క’, లేత కణము ‘గ’ అనుకొనుడు. నియమములు రెండే: ‘క’ ఉన్నచోట ‘కగ’ రావలెను, ‘గ’ ఉన్నచోట ‘క’ రావలెను. ఒక్క ‘క’తో మొదలిడినచో కణముల సంఖ్య వరుసగా 1, 2, 3, 5, 8, 13 అగును. ఇన్ని మాత్రలను గురులఘువులతో ఎన్ని విధముల నింపవచ్చునని లెక్కించిన మన ఛందోవేత్తలు, 12వ శతాబ్దపు హేమచంద్రుడు మొదలగువారు, కనుగొన్న సంఖ్యలును ఇవియే.

ఇట్లు మెట్టు మెట్టుగా చెప్పిన నియమములకే అల్గారిథమని పేరు. 9వ శతాబ్దపు బాగ్దాదు గణితజ్ఞుడు అల్ ఖ్వారిజ్మీ పేరు నుండి ఆ మాట వచ్చినది.

మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి దంపతులు కమలా కృతివాసన్‌తో కలసి 1974లో కోలములకు వ్యాకరణము వ్రాసిరి. కోలము మన ముగ్గునకు తోబుట్టువు. భాషలో వాక్యము పెరిగినట్లు, చిన్న మెలిక నుండి పెద్ద ముగ్గు నియమబద్ధముగా పెరుగునని వారు చూపిరి. పోలండులో జన్మించి కెనడాలో పనిచేసిన ప్రజెమిస్లావ్ ప్రుసింకీవిచ్, లిండెన్‌మాయర్ అక్షరములను గీతలుగా, మలుపులుగా మార్చి కంప్యూటరుచే మొక్కలను గీయించెను. సహచరులతో కూడి కోలములను సైతము ఆ పద్ధతిచేతనే గీయించెను. ఆ ఇరువురి గ్రంథము 1990లో వెలువడినది. 1989లోనే కన్నుమూసిన లిండెన్‌మాయర్ దానిని అచ్చులో చూడలేదు.

నియమము దొరికిన పిదప చేతికి పని ఏమున్నదని కొందరు శంకింతురు. మాకు అట్లు తోచదు. నియమము తీగను ఎంతవరకైన పెంచును; ఎచట ఆపవలెనో, ఏ రంగు నింపవలెనో అది చెప్పదు. ఆ నిర్ణయము చేయువారే శిల్పులు. మా బాధ వేరొకటి. పండితుల పేర్లు గ్రంథములలో నిలిచినవి. తరతరములుగా ఆ మెలికలను కల్పించిన స్త్రీల పేర్లు ఎచటను లేవు. మా యిండ్లలోనే ముగ్గును విద్యగా కాక పనిగా నెంచుచు వచ్చితిమి.

రేపు మీ యింటి అమ్మాయి 15 చుక్కలు పెట్టి, సందు చుక్కలతో 8 వరకు తగ్గించుకొని వచ్చునపుడు ఒక్క క్షణము నిలువుడు. ‘ఆ తరువాతి మెలిక ఎటు తిరుగునమ్మా?’ అని అడుగుడు. ఆమె చెప్పు సమాధానము గణితము.