సారా పాఠంలో చేరని బిడ్డ

నూజివీడు ప్రాంతంలోని ఆగిరిపల్లి పేరు చెబితే శోభనాచలం కొండ, రసాలు, బంగినపల్లి తోటలు గుర్తొస్తాయి. తోటల గట్ల మీద నిలిచి కల్లునిచ్చే తాటిచెట్లకూ ఒక చరిత్ర ఉంది. మద్యం మీద ప్రభుత్వాలు తీసుకున్న ప్రతి నిర్ణయమూ ఇలాంటి ఊళ్ల కూలి బతుకుల మీదే పడింది. మద్రాసు ప్రెసిడెన్సీలో 1937లో సేలం జిల్లాతో మొదలైన మద్యనిషేధం 1948 నాటికి రాష్ట్రమంతటా అమలైంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక గీత కార్మికుల జీవనోపాధి కోసం గౌతు లచ్చన్న సత్యాగ్రహం నడిపారు. 1954 నవంబరులో ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది కూడా ఈ ప్రశ్న మీదే. 1969లో నిషేధం ఎత్తేశారు. 1993లో సారాను, 1995 జనవరిలో మొత్తం మద్యాన్ని మళ్లీ నిషేధించారు. ఆ సంపూర్ణ నిషేధమూ 1997లో పోయింది. అరవై ఏళ్ల ఈ వాదనలో గీత కార్మికుడి ఉపాధి, ఖజానా రాబడి, తాగొచ్చిన మొగుడి దెబ్బలు, కరిగిపోయే కూలి డబ్బులు అన్నీ చర్చకొచ్చాయి. కడుపులో ఉన్న బిడ్డ మాత్రం రాలేదు. మద్యం గురించి ఇంత నేర్చుకున్న సమాజం ఆ ఒక్క పాఠాన్ని వదిలేసింది. దాని భారం ఇప్పటికీ కొందరు పిల్లలు మోస్తున్నారన్నదే నా వాదన.

1954 నాటి నాయకులను ఇందుకు తప్పుపట్టలేం. కడుపులో బిడ్డకు మద్యం చేసే హాని ఆనాటికి ప్రపంచ వైద్యానికే సరిగా తెలియదు. ఫ్రాన్స్‌లో లెమొయిన్ అనే వైద్యుడు, ఆయన సహచరులు తాగుడుకు అలవాటుపడిన తల్లిదండ్రులకు పుట్టిన 127 మంది పిల్లలను పరిశీలించి, వాళ్లలో కనిపించిన లోపాల గురించి 1968లో రాశారు. 1973లో అమెరికాలోని సియాటిల్‌లో జోన్స్, స్మిత్ అనే వైద్యులు ఈ రుగ్మతకు పేరు పెట్టారు. ఇవాళ దాని విస్తృత రూపాన్ని ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్ అంటున్నారు. తల్లి తాగిన మద్యం మావిని దాటి బిడ్డ రక్తంలో చేరుతుంది. దాన్ని విరిచేసే శక్తి బిడ్డ కాలేయానికి ఇంకా సరిగా ఉండదు, ఆ దెబ్బ ఎదుగుతున్న మెదడు మీద పడుతుంది. గర్భిణికి ఇంతవరకు తాగితే ప్రమాదం లేదని చెప్పగల మోతాదు ఏదీ లేదు. గర్భిణులు మద్యం ముట్టవద్దని అమెరికా ప్రభుత్వం 1981లో సలహా ఇచ్చింది, 1989 నుంచి సీసాల మీద హెచ్చరికను తప్పనిసరి చేసింది. సరిగ్గా ఆ దశకంలోనే మన దగ్గర వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారా ప్యాకెట్లు ఊరూరికీ చేర్చింది.

ఆ ప్యాకెట్లకు ఎదురు తిరిగింది చదువే. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సారా గురించి ఉన్న సీతమ్మ కథ చదివి, తమ ఊరి సంగతి మాట్లాడుకున్నారు. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు సారా అంగడి మూయించారు. ఆ నిప్పు వేలంపాటలను ఆపేదాకా పోయింది. వయోజన విద్య ఒక ప్రభుత్వ ఆదాయ విధానాన్నే కూల్చిన సందర్భాలు ప్రపంచంలో ఎన్నో ఉండవు. అయితే ఆ ఉద్యమం మన మనసుల్లో ఒక చిత్రాన్ని స్థిరపరిచింది: తాగేది మగవాడు, ఏడ్చేది ఆడది. అది నిజమే, కానీ అదే మొత్తం నిజం కాదు. తాగే స్త్రీ ఆ చిత్రంలో కనబడకుండా పోయింది. ఆమె కడుపున పుట్టిన బిడ్డ సంగతి సరేసరి.

మన ఆడవాళ్లు తాగరు కదా, ఈ పాఠం మనకెందుకు అనే అభ్యంతరం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు దాటిన స్త్రీలలో తాగేవారు 0.5 శాతమే. పక్కనున్న తెలంగాణలో 6.7 శాతం. అర శాతాన్ని చిన్నదనుకోవద్దు, ఈ రాష్ట్రంలో అది లక్ష మందికి దగ్గర. పైగా అత్తమామలు వింటుండగా అడిగిన ప్రశ్నకు ఎంతమంది నిజం చెబుతారు? కల్లును మద్యం కింద లెక్కపెట్టనివాళ్లూ, ఒంటికి చలవ అని నమ్మేవాళ్లూ ఉన్నారు. గర్భం నిలిచిందని తెలియకముందు గడిచిన వారాలు మరో సంగతి.

తల్లిని దోషిగా నిలబెడతారన్న అభ్యంతరం ఇంతకంటే బరువైనది. నాకూ ఆ భయం ఉంది. మాట తప్పుగా చెబితే ఊరు వేలెత్తి చూపేది ఆమెనే. కానీ గ్లాసు ఇంట్లోకి తెచ్చేది ఎక్కువగా మగవాడే, ఆమె తాగడం వెనక తరచూ హింస, ఆకలి, ఒళ్లు విరిచే కూలిపని ఉంటాయి. ఈ పాఠం భర్తకూ అత్తకూ కూడా చెప్పాల్సిందే. చెప్పకుండా ఉంటే తల్లికి కలిగే రక్షణ ఏమీ లేదు, బిడ్డకు ప్రమాదం మాత్రం మిగులుతుంది. ఈ రుగ్మత ఆనవాళ్లు కొద్దిమంది పిల్లల ముఖాల్లోనే కనిపిస్తాయి. మిగతావాళ్లు చూపులకు అందరిలాంటి పిల్లలే. నిన్న నేర్చింది ఇవాళ మరుస్తారు, చేసిన పనికి ఏం జరుగుతుందో ముందు ఊహించలేరు, కాలమూ డబ్బూ లెక్కకు అందవు. బడిలో మొండివాడంటారు, ఇంట్లో బెత్తం తీస్తారు.

నయం కాని రుగ్మత గురించి చదువెందుకు అంటారా? సియాటిల్‌లోనే ఆన్ స్ట్రైస్‌గత్ బృందం ఈ రుగ్మత ఉన్న 415 మందిని పరిశీలించి 1996లో చెప్పిన విషయం ఇక్కడ కీలకం. ఆరేళ్లలోపు గుర్తింపు, నిలకడగా ప్రేమ చూపే ఇల్లు దొరికినవాళ్లకు తర్వాతి జీవితంలో బడి మానేయడం, పోలీసు కేసుల వంటి కష్టాలు తక్కువ. ఈ పిల్లలకు కావలసింది ఇదే: ఒకసారికి ఒకే మాట చెప్పడం, రోజూ ఒకే వరుసలో పనులు, విసుక్కోకుండా మళ్లీ మళ్లీ చూపించడం, శిక్షకు బదులు పరిసరాలను మార్చడం. వీటికి ఆస్పత్రి అక్కర్లేదు, తెలిసిన మనిషి చాలు. కెనడా, ఆస్ట్రేలియాల్లో తల్లిదండ్రులు, టీచర్లు ఇవన్నీ ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్నారు.

మన వ్యవస్థలో ఈ రుగ్మతకు పేరే లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వెతికే 30 ఆరోగ్య సమస్యల్లో ఇది లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం చెప్పిన 21 వైకల్యాల్లోనూ పేరుగా లేదు, మేధో వైకల్యం కిందో, అభ్యసన వైకల్యం కిందో సర్దుకోవాలి. చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. తెర మీద పాఠం ఈ ప్రాంతానికి కొత్త కాదు: 2008లో నూజివీడులో పెట్టిన ట్రిపుల్ ఐటీ పల్లె పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి పాఠం చెప్పింది. ఆగిరిపల్లి అంగన్‌వాడీ టీచర్ గర్భిణుల వివరాలు ఇప్పటికే ఫోన్‌లో పోషణ్ ట్రాకర్‌కు ఎక్కిస్తోంది. అదే ఫోన్‌లోకి తెలుగులో రెండు పాఠాలు రావాలి: ఒకటి గర్భిణి ఇంటికి, ఇంకొకటి ఇప్పటికే పుట్టి బెత్తం దెబ్బలు తింటున్న పిల్లల కోసం టీచర్లకు. రెండోది ముందు రావాలంటాను, ఆ పిల్లలు ఈ ఏడాదే తరగతిలో కూర్చుని ఉన్నారు.